పీఓఈ స్విచ్‌లో పవర్ ఆగిందా? తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

నెట్‌వర్క్ కేబుల్‌లోనే డేటాతోపాటు కరెంటు కూడా పంపే పద్ధతి పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్). దాని మీద నడిచే కెమెరా పనిచేయట్లేదనగానే చాలామంది ముందు స్విచ్ ప్లగ్గు పీకి మళ్లీ పెడతారు. కాసేపు అంతా బాగానే ఉంటుంది కూడా. కానీ ప్లగ్గు పీకగానే ఏ పోర్టు లైటు ఎలా వెలుగుతోంది, ఏ పోర్టుకు పవర్ ఆగింది, లాగ్‌లో ఏం నమోదైంది అన్న ఆధారాలన్నీ పోతాయి. రేపు రాత్రి అదే సమస్య వస్తే మళ్లీ మొదటికొస్తారు. కాబట్టి ముందు ఫోన్‌తో స్విచ్ ముందు భాగాన్ని ఓ అర నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. ప్లగ్గు జోలికి ఆ తర్వాతే వెళ్లండి.

ఇక్కడ చెప్పేదంతా అపార్ట్‌మెంట్లు, షాపులు, స్కూళ్లు, చిన్న ఆఫీసుల్లో వాడే 8 నుంచి 24 పోర్టుల స్విచ్‌ల గురించి. వాటికి తగిలించేవి ఎక్కువగా ఐపీ కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు, ఐపీ ఫోన్లు. దగ్గర ఉండాల్సినవి: బాగుందని ముందే తెలిసిన ఒక మీటరు ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా కనెక్టర్లున్న చిన్న కేబుల్), బాగుందని తెలిసిన ఒక పీఓఈ కెమెరా లేదా ఫోన్, మల్టీమీటర్, క్రింపింగ్ టూల్, కొత్త ఆర్‌జే45 కనెక్టర్లు. లైన్ మధ్యలో పెట్టి వోల్టులు, వాట్లు చూపించే పీఓఈ టెస్టర్ కూడా ఉంటే పని సగం తగ్గుతుంది.

సమస్య ఏ రకం?

‘పీఓఈ రావట్లేదు’ అంటే మూడు అర్థాలు ఉండొచ్చు. ముందు ఏదో తేల్చుకోండి.

మొదటిది, అసలు పవర్ రావట్లేదు. పోర్టు దగ్గర పీఓఈ లైటు వెలగదు, కెమెరాలో ఏ లైటూ ఉండదు. రెండోది, పవర్ వచ్చి పోతోంది. కెమెరా రెండు నిమిషాలు పనిచేసి రీస్టార్ట్ అవుతుంది, లేదా పగలంతా బాగుండి చీకటి పడగానే ఆగిపోతుంది. మూడోది, పవర్ ఉంది కానీ లింక్ లేదు. రాత్రిపూట కెమెరా చుట్టూ ఎర్రటి ఇన్‌ఫ్రారెడ్ చుక్కలు కనిపిస్తాయి, ఎన్‌వీఆర్‌లో (కెమెరాల రికార్డర్‌లో) మాత్రం బొమ్మ రాదు.

మూడో రకంలో పవర్ సర్క్యూట్ తన పని తాను చేస్తోంది. తప్పు వైరు జతల్లోనో, ఐపీ అడ్రస్ సెట్టింగ్‌లోనో ఉంటుంది. అక్కడ స్విచ్ మార్చినా ఒరిగేదేమీ లేదు. రెండో రకం ఎక్కువగా వాట్లు చాలకపోవడం వల్లో, నాసిరకం కేబుల్ వల్లో వస్తుంది. మొదటి రకంలోనే పోర్టును అనుమానించాలి, అదీ చివర్లో.

పోర్టు ఎప్పుడు కరెంటు ఇస్తుంది

ఇది తెలియకపోతే మల్టీమీటర్ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ప్రమాణం ప్రకారం తయారైన పీఓఈ పోర్టులో ఖాళీగా ఉన్నప్పుడు 48 వోల్టులు ఉండవు. 2.8 నుంచి 10 వోల్టుల మధ్య చిన్న వోల్టేజీని ఆగి ఆగి పంపి, అవతలి పరికరంలో 25 వేల ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందా అని పోర్టు వెతుకుతూ ఉంటుంది. 19 నుంచి 26.5 కిలో ఓమ్‌ల మధ్య కనిపిస్తే ఇది పీఓఈ పరికరమేనని ఒప్పుకుంటుంది. తర్వాత 15.5 నుంచి 20.5 వోల్టులు పెట్టి, పరికరం ఎన్ని మిల్లీయాంపులు లాగుతుందో చూసి దాని క్లాస్, అంటే అది ఎన్ని వాట్ల తరగతిదో తెలుసుకుంటుంది. ఆ తర్వాతే పూర్తి వోల్టేజీ వదులుతుంది.

కనుక ఖాళీ పోర్టులో మీటర్ పెడితే అంకెలు అటూ ఇటూ గెంతుతాయి, లేదా రెండు మూడు వోల్టులు చూపిస్తుంది. అది చూసి పోర్టు పోయిందనుకోకండి. పోర్టు బాగుందో లేదో తేల్చాలంటే అసలైన పీఓఈ పరికరాన్నో టెస్టర్‌నో తగిలించాల్సిందే.

ఈ పద్ధతి వల్లే మరో విషయం కూడా తెలుస్తుంది. కనెక్టర్‌లోకి నీళ్లు చేరితే పిన్నుల మధ్య కరెంటు కారి, ఆ 25 కిలో ఓమ్‌లు కాస్తా పడిపోతాయి. స్విచ్‌కు అది పీఓఈ పరికరంలా కనబడదు, పవర్ ఇవ్వదు. వాన పడిన మర్నాడు ఆగిపోయి, రెండు రోజులు ఎండ కాయగానే తనంతట తానే బాగుపడే కెమెరాల రహస్యం ఇదే.

24 వోల్టుల ప్యాసివ్ పీఓఈ పరికరాలది వేరే కథ. పాత ఔట్‌డోర్ వైర్‌లెస్ రేడియోలు చాలావరకు ఈ రకమే. వాటిలో ఆ 25 కిలో ఓమ్‌ల గుర్తు ఉండదు కాబట్టి ప్రమాణం ప్రకారం పనిచేసే స్విచ్ వాటిని పట్టించుకోదు. వాటితో వచ్చిన ఇంజెక్టర్‌నే (కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న పెట్టె) వాడాలి. తిరకాసు దీనికి ఎదురు దిక్కున ఉంది: ప్యాసివ్ ఇంజెక్టర్ ఏమీ అడగకుండా ఎప్పుడూ కరెంటు పంపుతూనే ఉంటుంది. 48 వోల్టుల ప్యాసివ్ ఇంజెక్టర్‌కు ల్యాప్‌టాప్‌నో, 24 వోల్టుల రేడియోనో తగిలిస్తే కాలిపోవచ్చు. అలాంటి ఇంజెక్టర్ల మీద వోల్టేజీ రాసి స్టిక్కర్ అంటించండి.

సీసీటీవీ షాపుల్లో చవకగా దొరికే జత కేబుళ్లు కూడా, అంటే ఒక చివర 12 వోల్టుల పిన్ను, ఒక చివర ఆర్‌జే45 ఉండేవి, పీఓఈ స్విచ్‌తో పనిచేయవు. అవి ఖాళీ జతల మీదుగా 12 వోల్టులను అలాగే పంపుతాయి. 50 మీటర్ల మంచి రాగి కేబుల్ మీద ఒక యాంపు పంపినా దాదాపు 4.7 వోల్టులు దారిలోనే పోతాయి. కెమెరాకు చేరేది ఏడు చిల్లర.

మూడు మార్పుల పరీక్ష

ఒకసారికి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు, కెమెరా మూడూ ఒకేసారి మార్చితే బాగుపడుతుందేమో గానీ, ఏది పాడైందో తెలియదు.

1. ఆగిపోయిన కెమెరా కేబుల్‌ను స్విచ్ దగ్గర తీసి, ఇప్పుడు బాగా పనిచేస్తున్న కెమెరా పోర్టులో పెట్టండి. ఒక నిమిషం ఆగండి. కెమెరా బూట్ అవడానికి ఆ మాత్రం పడుతుంది. పనిచేస్తే అనుమానం పాత పోర్టు మీద, లేదా ఆ పోర్టు సెట్టింగ్ మీద.

2. పనిచేయకపోతే, పాత పోర్టులోనే ఒక మీటరు ప్యాచ్ కార్డ్‌తో బాగున్న కెమెరాను తగిలించండి. అది వెలిగితే పోర్టుకు దోషం లేదు. మిగిలింది కేబుల్ లేదా అవతలి కెమెరా.

3. ఆ కెమెరాను గోడ మీంచి దించి తెచ్చి, అదే చిన్న ప్యాచ్ కార్డ్‌తో స్విచ్ పక్కనే పెట్టి చూడండి. వెలిగితే తప్పు కేబుల్‌దే. వెలగకపోతే కెమెరాదే.

నిచ్చెన ఎక్కడానికి బద్ధకించి మూడో మెట్టు వదిలేస్తుంటారు. దించే వీలు లేకపోతే బాగున్న కెమెరానే పైకి తీసుకెళ్లి ఆ కేబుల్ చివర పెట్టండి, ఫలితం ఒకటే.

కేబుల్ పీకేటప్పుడు ఒక జాగ్రత్త. లోడ్ మీద ఉన్న కనెక్టర్‌ను లాగితే పిన్నుల మీద చిన్న స్పార్క్ వస్తుంది. ఒకటి రెండు సార్లకు ఏమీ కాదు. పదే పదే చేస్తే, ముఖ్యంగా 60, 90 వాట్ల పోర్టుల్లో, పిన్నుల పూత పోతుంది. మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకునే వీలున్నది) అయితే ముందు ఆ పోర్టులో పీఓఈ ఆపి తర్వాత పీకండి.

వాట్ల లెక్క

ప్రమాణాలు మూడు. 2003 నాటి 802.3ఏఎఫ్‌లో పోర్టు ఇచ్చేది 15.4 వాట్లు, కేబుల్ నష్టం పోగా పరికరానికి కచ్చితంగా దక్కేది 12.95. 2009 నాటి 802.3ఏటీలో 30 వాట్లు, చేరేది 25.5. 2018లో వచ్చిన 802.3బీటీలో టైప్ 3కి 60, చేరేది 51. టైప్ 4కి 90, చేరేది 71.3. కెమెరా డేటాషీట్‌లో 13 వాట్లకు పైన రాసి ఉంటే ఏఎఫ్ పోర్టు దానికి సరిపోదు.

ఇది ఒక్కో పోర్టు లెక్క. స్విచ్ మొత్తం బడ్జెట్ వేరు. 8 పోర్టుల చిన్న స్విచ్‌లో ప్రతి పోర్టూ 30 వాట్లు ఇస్తుందని డబ్బా మీద రాస్తారు, మొత్తం బడ్జెట్ మాత్రం 60, 65 వాట్ల దగ్గర ఉంటుంది. రెండు పోర్టులు నిండుగా వాడితే అయిపోయినట్టే.

ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలతో లెక్క తప్పేది ఇక్కడే. పగలు ఒక బుల్లెట్ కెమెరా 4 వాట్లు లాగుతుందనుకోండి. ఎనిమిదింటికి 32. ఇన్‌స్టాల్ చేసిన మనిషి మధ్యాహ్నం మూడింటికి అన్నీ చూపించి సంతకం పెట్టించుకుని వెళ్తాడు. రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాక ఒక్కోటి 9 వాట్లు. మొత్తం 70 దాటింది. 65 వాట్ల స్విచ్ ఎవరో ఒకరికి పవర్ కట్ చేయక తప్పదు. ఆ ఒకరు ఎవరో స్విచ్ ప్రాధాన్యం ప్రకారం తేల్చుకుంటుంది. ప్రాధాన్యం అన్నింటికీ సమానంగా ఉంటే చాలా స్విచ్‌లలో పెద్ద నంబర్ పోర్టుకే ముందు కోత పడుతుంది. గేటు కెమెరా 8వ పోర్టులో ఉంటే దాన్ని 1కి మార్చండి. తాత్కాలికంగా అదే చాలు.

రాత్రి సమస్యను పగలే పట్టుకోవాలంటే కెమెరా సెట్టింగుల్లో డే/నైట్ మోడ్‌ను ‘నైట్’కి మార్చండి, అన్నింట్లో ఒకేసారి. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

కొన్ని స్విచ్‌లు పరికరం నిజంగా లాగే వాట్లను కాక, దాని క్లాస్‌కు తగ్గ వాట్లను ముందే పక్కన పెడతాయి. క్లాస్ 3 లేదా క్లాస్ 0 కెమెరాకు 15.4 వాట్లు రిజర్వ్ అవుతాయి. అప్పుడు 65 వాట్ల స్విచ్‌లో నాలుగు కెమెరాలకే 61.6 అయిపోయి, అయిదోది 4 వాట్లే అడిగినా దొరకదు. లక్షణం స్పష్టంగా ఉంటుంది: ఏ నాలుగు ముందు పెడితే అవే పనిచేస్తాయి. మేనేజ్డ్ స్విచ్‌లో పవర్ కేటాయింపును వాస్తవ వాడకం ప్రకారం జరిగేలా మార్చండి, లేదా ఒక్కో పోర్టుకు పరిమితిని మీరే పెట్టండి. ఆ పరిమితి డేటాషీట్‌లోని గరిష్ట అంకె కంటే 15 నుంచి 20 శాతం పైన ఉండాలి, కేబుల్‌లో పోయేది కూడా పోర్టు లెక్కలోకే వస్తుంది కాబట్టి.

అన్ని పోర్టుల లైట్లూ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలుగుతుంటే అది పోర్టు బడ్జెట్ గొడవ కాదు, అడాప్టర్‌ది. చిన్న స్విచ్‌లకు బయటి అడాప్టర్ ఉంటుంది. దాని మీద 48 వోల్టులు 1.25 యాంపులు అని ఉంటే 60 వాట్లు, 2.5 యాంపులైతే 120. ఎప్పుడో పాతది పోతే షాపులో ‘పిన్ను సరిపోయిందిగా’ అని తక్కువ యాంపులది అంటగట్టి ఉండొచ్చు. తన అడాప్టర్ చిన్నదైపోయిందని స్విచ్‌కు తెలియదు. ఎప్పటి బడ్జెట్ ప్రకారమే పంచుతుంది, లోడ్ పెరగగానే మొత్తం కూలుతుంది. ఏళ్ల తరబడి వాడిన అడాప్టర్లలో కెపాసిటర్లు ఉబ్బి కూడా ఇదే జరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మీటర్‌లో 48 కనిపిస్తుంది, కానీ లోడ్ మీద నిలబడదు. అదే వోల్టేజీ, అంతే లేదా అంతకంటే ఎక్కువ యాంపులు ఉన్న అడాప్టర్‌తో మార్చండి. వోల్టేజీని మాత్రం మీ ఇష్టానికి పెంచకండి. 57 పీఓఈకి గరిష్ట హద్దు.

కేబుల్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

మూడు మార్పుల పరీక్షలో కేబుల్ అని తేలితే, ముందు అది రాగిదా కాదా చూడండి. మార్కెట్‌లో క్యాట్6 అని ముద్ర వేసి అమ్మే చవక కేబుళ్లలో చాలా వాటిలో తీగ అల్యూమినియం, పైన రాగి పూత. దీన్నే సీసీఏ అంటారు. క్యాట్5ఈ, క్యాట్6 ప్రమాణాలు గట్టి రాగిని అడుగుతాయి కాబట్టి, మీద ఏం ముద్రించినా అది క్యాట్6 కాదు. బ్లేడుతో తీగను గీకండి: లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కున విరుగుతుంది కూడా.

కొత్త 305 మీటర్ల డబ్బా కొన్నప్పుడు తెరవగానే చేయదగ్గ పరీక్ష ఒకటుంది. ఒక చివర నారింజ జతలోని రెండు తీగలనూ కలిపి మెలిపెట్టండి. రెండో చివర అదే జత మీద మల్టీమీటర్‌ను ఓమ్‌లలో పెట్టి కొలవండి. ముందు మీటర్ తీగలను ఒకదానికొకటి తాకించి వచ్చే విలువను తీసేయండి. 24 గేజ్ రాగి అయితే 50 నుంచి 57 ఓమ్‌ల మధ్య వస్తుంది. 80, ఆ పైన వస్తే సీసీఏ, లేదా తీగ సన్నం. అదే రోజు వెనక్కి ఇచ్చేయండి. గోడలో వేశాక ఆ మాట అనలేరు.

ఆ తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందో ఒక లెక్కలో చూడండి. రెండు జతల మీద పవర్ పంపితే 100 మీటర్ల రాగి కేబుల్ రానూ పోనూ రెసిస్టెన్స్ గరిష్టంగా 9.4 ఓమ్‌లు. సీసీఏకు సుమారు 15. స్విచ్ 50 వోల్టులు ఇస్తుండగా ఒక వైఫై యాక్సెస్ పాయింట్ 0.6 యాంపులు లాగితే, రాగిలో 5.6 వోల్టులు పోయి 44.4 చేరతాయి. సీసీఏలో 9 పోయి 41 చేరతాయి. ఏటీ పరికరానికి కావాల్సిన కనీసం 42.5. అందుకే ఆ యాక్సెస్ పాయింట్ తక్కువ మంది ఉన్నప్పుడు బాగుండి, జనం పెరిగి లోడ్ ఎక్కగానే రీస్టార్ట్ అవుతుంది. అదే కేబుల్ మీద 5 వాట్ల ఐపీ ఫోన్ ఏళ్ల తరబడి సమస్య లేకుండా నడుస్తుంది. ‘మొన్నటిదాకా బాగానే ఉందిగా’ అనే వాదన ఇక్కడ చెల్లదు.

సీసీఏ గోడలోనే ఉండిపోయి, మార్చే వీలు లేకపోతే? 13 వాట్ల లోపు పరికరాలకే దాన్ని వాడండి, 60 మీటర్లు దాటనివ్వకండి. స్విచ్ వోల్టేజీ 53, 54 ఉన్న మోడల్ అయితే కొంత వెసులుబాటు దొరుకుతుంది. అయినా అది సర్దుబాటే.

ఇక క్రింపింగ్, అంటే కేబుల్ చివర కనెక్టర్ బిగించడం. టీ568బీ అనే రంగుల వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-బ్రౌన్, బ్రౌన్. నీలం జత మధ్యలో దూరి, ఆకుపచ్చ జతను విడదీయడం గమనించండి. తొందరలో కొందరు నాలుగు జతలనూ వరుసగా పేర్చేస్తారు: నారింజ, ఆకుపచ్చ, నీలం, బ్రౌన్. రెండు చివరలా అలాగే పెడితే, ఎనిమిది లైట్ల చవక టెస్టర్ ఒకటి నుంచి ఎనిమిది దాకా వరుసగా వెలిగి ‘బాగుంది’ అంటుంది. డీసీ కరెంటుకూ ఏ ఇబ్బందీ లేదు, అందుకే కెమెరా వెలుగుతుంది. డేటాకు మాత్రం 3, 6 పిన్నులు వేర్వేరు మెలికల్లో పడ్డాయి. పది మీటర్లలో పనిచేస్తుంది. నలభై దాటితే లింక్ రాదు, లేదా తెగుతూ ఉంటుంది. పైన చెప్పిన మూడో రకానికి ఇదే అసలు కారణం చాలాసార్లు. కనెక్టర్‌ను వెలుతురులో పెట్టి కళ్లతో రంగులు చదవండి, టెస్టర్ చెప్పదు.

ఒకే కేబుల్‌లో నాలుగేసి తీగలతో రెండు కెమెరాలు నడిపిన ఏర్పాట్లు కూడా తగులుతుంటాయి. పీఓఈ రెండు దారుల్లో వెళ్తుంది: 1, 2, 3, 6 పిన్నుల మీద మోడ్ ఏ, 4, 5, 7, 8 మీద మోడ్ బీ. స్విచ్‌లు ఎక్కువగా మోడ్ ఏ ఇస్తాయి, ఇంజెక్టర్లు ఎక్కువగా మోడ్ బీ. ప్రమాణం పాటించే కెమెరా రెండింటినీ తీసుకుంటుంది, కానీ 4, 5, 7, 8 తీగలే లేని కేబుల్‌లో మోడ్ బీ పరికరం ఏమీ ఇవ్వలేదు. స్విచ్ మార్చగానే సగం కెమెరాలు ఆగిపోతే ముందు ఇదే చూడండి.

దూరం 100 మీటర్లు దాటిందా? సీసీటీవీ కోసం చేసిన కొన్ని స్విచ్‌ల మీద ఎక్స్‌టెండ్ అనే చిన్న మీట ఉంటుంది. దాన్ని వేస్తే 250 మీటర్ల దాకా వస్తుంది గానీ ఆ పోర్టులు 10 ఎంబీపీఎస్‌కు పడిపోతాయి. ఒక కెమెరాకు అది సరిపోవచ్చు. తుడిచేటప్పుడు చేయి తగిలి ఆ మీట పడి, ఆ పోర్టులోనే వైఫై యాక్సెస్ పాయింట్ ఉంటే ఇంటర్నెట్ 10 దాటదు. జనం సర్వీస్ ప్రొవైడర్‌ను తిడుతుంటారు.

చివరగా నీళ్లు. డాబా మీద, పోల్ మీద ఉన్న కెమెరా తోకకు ఇచ్చిన రబ్బరు తొడుగును చాలాచోట్ల డబ్బాలోనే వదిలేస్తారు. కనెక్టర్ పిన్నుల మీద ఆకుపచ్చ పొడి కనిపిస్తే తుడవడం దండగ; ఇటువైపు కనెక్టర్ కోసి కొత్తది కొట్టండి, కెమెరా వైపు సాకెట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి ఆరబెట్టండి. కేబుల్ కెమెరాలోకి ఎక్కే ముందు కిందికి ఒక వంపు తిరిగేలా వదలండి, నీటి చుక్క అక్కడే కిందికి జారిపోతుంది.

మేనేజ్డ్ స్విచ్ అయితే అదే చెబుతుంది

సిస్కో క్యాటలిస్ట్‌లో ‘షో పవర్ ఇన్‌లైన్’ కమాండ్ ఇవ్వండి. పైన మొత్తం ఎన్ని వాట్లు ఉన్నాయి, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అని వస్తుంది. కింద ఒక్కో పోర్టు స్థితి. ‘ఆన్’ అంటే పవర్ వెళ్తోంది. ‘పవర్-డినై’ అంటే బడ్జెట్ చాలక నిరాకరించింది; పైన చెప్పిన లెక్కకు వెళ్లండి. ‘ఫాల్టీ’ అంటే పరికరాన్ని గుర్తించడంలోనో, కరెంటు వదిలేటప్పుడో లోపం తగిలింది. ‘ఆఫ్’ అని ఉండి, అడ్మిన్ కాలమ్‌లో కూడా ‘ఆఫ్’ అని కనిపిస్తే ఎవరో ఆ పోర్టులో పీఓఈ ఆపేశారు, అంతే.

‘షో లాగింగ్’లో రెండు మాటలు వెతకండి. ‘టీస్టార్ట్ ఎర్రర్’ అంటే పవర్ వదిలిన మొదటి క్షణంలోనే కరెంటు హద్దు మీరింది. కేబుల్‌లో షార్ట్ లేదా పరికరం లోపల షార్ట్. ‘ఐమ్యాక్స్ ఎర్రర్’ అంటే నడుస్తుండగా ఎక్కువ లాగింది. ‘ఐఈఈఈ డిస్‌కనెక్ట్’ అని వస్తే మాత్రం లోపం కానక్కర్లేదు, పరికరం లాగడం మానేసిందని అర్థం. పాత రెండు ప్రమాణాల్లో పరికరం కనీసం 10 మిల్లీయాంపులు లాగుతూ ఉండాలి, దాదాపు 0.4 సెకను పాటు అది ఆగితే పోర్టు పవర్ తీసేస్తుంది. ఏ లోడూ లేకుండా ఉత్తి పీఓఈ స్ప్లిట్టర్ (కేబుల్‌లోంచి కరెంటును, డేటాను విడదీసేది) తగిలిస్తే లైటు వెలిగి ఆరుతూ ఉండడానికి ఇదే కారణం. దానికి పరికరం కలిపి చూడండి.

ఒక్క పోర్టు పవర్‌ను మళ్లీ మొదలుపెట్టాలంటే మొత్తం స్విచ్ ఆపనక్కర్లేదు. ఆ ఇంటర్‌ఫేస్‌లో ‘పవర్ ఇన్‌లైన్ నెవర్’ ఇచ్చి, పది సెకన్లు ఆగి, ‘పవర్ ఇన్‌లైన్ ఆటో’ ఇవ్వండి. కేబుల్ మీద అనుమానం ఉంటే ‘టెస్ట్ కేబుల్-డయాగ్నస్టిక్స్ టీడీఆర్’ ఎన్ని మీటర్ల దగ్గర తెగిందో, షార్ట్ అయిందో సుమారుగా చెబుతుంది. నడుస్తున్న లింక్ కాసేపు పడిపోవచ్చు కాబట్టి ఆఫీసు వేళల్లో వద్దు.

వైఫై యాక్సెస్ పాయింట్ వెలుగుతోంది కానీ స్పీడ్ సగమే వస్తోందా? దాని పేజీలో ‘లో పవర్’ లాంటి హెచ్చరిక ఉందేమో చూడండి. చాలా యాక్సెస్ పాయింట్లు 15.4 వాట్లతో లేచి, మిగతాది ఎల్‌ఎల్‌డీపీ (నెట్‌వర్క్ పరికరాలు ఒకదానికొకటి తమ వివరాలు చెప్పుకునే పద్ధతి) ద్వారా అడుగుతాయి. స్విచ్‌లో ఎల్‌ఎల్‌డీపీ ఆపి ఉంటే ఆ అడగడం స్విచ్‌కు చేరదు, యాక్సెస్ పాయింట్ ఒక రేడియోనో కొన్ని యాంటెన్నాలనో ఆపేసుకుని సర్దుకుంటుంది. సిస్కోలో గ్లోబల్‌గా ‘ఎల్‌ఎల్‌డీపీ రన్’ ఇస్తే సరిపోతుంది. మిగతా స్విచ్‌లలో వెబ్ పేజీలో ఆ పేరుతోనే ఉంటుంది.

ఎండ, ఉరుము

మామూలు డెస్క్‌టాప్ స్విచ్‌లలో చాలా వాటికి 40 డిగ్రీల దాకానే హామీ. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో, డాబా మీద ఇనప పెట్టెలో మూసిపెడితే లోపల అంతకంటే ఎంతో ఎక్కువ ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు దాకా ఆగి, చల్లబడ్డాక లేచే స్విచ్‌ను రిపేరుకు ఇవ్వకండి; పెట్టెను నీడకు మార్చి, కింద పైన గాలి కంతలు పెట్టండి. బయటే ఉంచాల్సి వస్తే 75 డిగ్రీల దాకా తట్టుకునే ఇండస్ట్రియల్ మోడల్ కొనాలి.

ఉరుములతో వాన పడ్డాక ఒక్క కెమెరా, దాంతోపాటు స్విచ్‌లో ఆ పోర్టు, పక్క పోర్టులు పోయాయంటే అది సర్జ్, అంటే ఉన్నట్టుండి దూసుకొచ్చిన అధిక వోల్టేజీ. బయటికి వెళ్లే ప్రతి కేబుల్‌కూ పీఓఈకి పనికొచ్చే సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి, దాని ఎర్త్ తీగను నిజమైన ఎర్త్‌కు కలపండి. ఎర్త్ లేకుండా ప్రొటెక్టర్ పెట్టడం డబ్బు దండగ. మామూలు లాన్ ప్రొటెక్టర్ కొన్నారో, అది 48 వోల్టులనే అడ్డుకోవచ్చు, లేదా 4, 5, 7, 8 పిన్నులను అసలు కలపకపోవచ్చు. రెండు వేర్వేరు భవనాల మధ్య అయితే రాగి వద్దు. ఫైబర్ వేసి, అవతల చిన్న పీఓఈ స్విచ్ పెట్టండి.

పోర్టు పోయిందని ఎప్పుడు తేల్చాలి

బాగున్న కెమెరా, ఒక మీటరు కార్డ్, బడ్జెట్ ఖాళీ, సెట్టింగ్ ఆన్. ఇన్ని ఉన్నా ఆ పోర్టు పవర్ ఇవ్వకపోతే ఇక అది పోయినట్టే. లోపలి పవర్ కంట్రోలర్ చిప్‌లు సాధారణంగా నాలుగేసి లేదా ఎనిమిదేసి పోర్టులను చూసుకుంటాయి. కాబట్టి 1 నుంచి 4 దాకా ఒకేసారి చచ్చి 5 నుంచి 8 బాగుంటే చిప్ పోయిందని అర్థం. అలాంటి పోర్టుల్లో డేటా చాలాసార్లు బాగానే నడుస్తుంది. వాటిలో ఎన్‌వీఆర్, రౌటర్, కంప్యూటర్ లాంటి పవర్ అక్కర్లేనివి పెట్టుకోవచ్చు. ఒకే ఒక్క పోర్టు పోతే ఆ కెమెరాకు ప్రమాణం పాటించే 30 వాట్ల ఇంజెక్టర్ తగిలించండి. డేటా అనే వైపు స్విచ్‌కు, పీఓఈ అనే వైపు కెమెరాకు. చనిపోయిన పోర్టు మీద ‘డేటా మాత్రమే’ అని మార్కర్‌తో రాసి పెట్టండి, తర్వాత వచ్చే టెక్నీషియన్ మళ్లీ మొదటి నుంచి వెతుక్కోకుండా.